సముద్రపు సయనోబ్యాక్టీరియా రంగుల జన్యువులు: కడపలో తరచుగా అడిగే ప్రశ్నలు

కడపలో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెబుతుంటాను. సయనోబ్యాక్టీరియా పాఠం వచ్చిన ప్రతిసారీ క్లాసులో, కారిడార్లో, టీ కొట్టు దగ్గర కూడా దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. అందుకే ఒకచోట రాసిపెట్టాను. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది, కొన్నిటికి కాదు.

మనకు సముద్రమే లేదు కదా సార్, ఈ పాఠం మనకెందుకు?

మీ ఇంట్లో వంటగట్టు మీద పరిచిన నల్ల బండ చూడండి. జమ్మలమడుగు, ఎర్రగుంట్ల వైపు గనుల్లో తీసే ఆ కడప బండ ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న సున్నపు బురద. మనం సముద్రం దాకా పోనక్కర్లేదు, సముద్రం అడుగు మీదే సంగటి కెలుకుతున్నాం.

ఇంకా పాత సంగతి కావాలంటే వేంపల్లె వైపు పోవాలి. అక్కడి డోలమైట్ రాళ్లలో కొన్నిచోట్ల కోసిన ఎర్రగడ్డలా పొర మీద పొర, గుమ్మటాల్లా ఉబ్బిన ఆకారాలు కనిపిస్తాయి. వాటిని స్ట్రోమటోలైట్లు అంటారు. లోతు తక్కువ ఉన్న సముద్రపు నీళ్లలో సూక్ష్మజీవులు చాపలా పరుచుకుని, మీద పడ్డ మట్టిని పట్టుకుని, వెలుతురు కోసం మళ్లీ పైకి పాకి, అలా పొరలు పొరలుగా కట్టుకుంటూ పోయిన కట్టడాలవి. ఆ పనిలో ముందున్నవి సయనోబ్యాక్టీరియా. పులివెందుల దగ్గర ఈ రాళ్లకు పైనున్న పొరల్లోకి చొచ్చుకొచ్చిన అగ్నిశిలల వయసే సుమారు 189 కోట్ల ఏళ్లు. కింద ఉన్నవి అంతకన్నా పాతవి కాక తప్పదు. విలియం కింగ్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1872లోనే కడప, కర్నూలు రాళ్ల గురించి పెద్ద నివేదిక అచ్చు వేయించాడు. మన జిల్లా పేర్లు అప్పటి నుంచే భూగర్భ శాస్త్రంలో ఉన్నాయి.

కాబట్టి ఈ పాఠం మనకు పరాయిది కాదు.

సయనోబ్యాక్టీరియా అంటే నాచేనా?

పాత పుస్తకాల్లో నీలి ఆకుపచ్చ శైవలాలు అనేవారు. నిజానికి ఇవి బ్యాక్టీరియా. కణంలో కేంద్రకం ఉండదు. అయినా ఎండను పట్టి ఆహారం తయారుచేసుకుంటాయి, ఆక్సిజన్ వదులుతాయి. సముద్రంలో వీటిలో రెండు పేర్లు ముఖ్యం: సైనెకోకాకస్, ప్రోక్లోరోకాకస్. సముద్రంలో మొక్కలాంటి జీవులన్నీ కలిసి ఏటా కట్టే ఆహారంలో దాదాపు నాలుగో వంతు ఈ రెండింటిదే.

ఇంత పని చేస్తున్నవి మొన్నమొన్నటిదాకా మన కంటపడనే లేదు. సముద్రంలో సైనెకోకాకస్ విస్తారంగా ఉందని తెలిసింది 1979లో. ఫ్లోరసెన్స్ మైక్రోస్కోపు కింద నారింజ రంగు చుక్కల్లా మెరిసి పట్టుబడింది. ప్రోక్లోరోకాకస్ ఇంకా చిన్నది, దాని మెరుపు కూడా మసక. కణాలను లేజర్ ముందు ఒక్కొక్కటిగా పంపి లెక్కపెట్టే ఫ్లో సైటోమీటర్‌ను ఓడ ఎక్కించాకే శాలీ చిజమ్, రాబర్ట్ ఓల్సన్ బృందానికి అది దొరికింది. 1988లో ప్రకటించారు. రెండు సందర్భాల్లోనూ జీవి ఆచూకీ చెప్పింది దాని రంగే.

పత్రహరితం ఉంది కదా, ఇంకో రంగు దేనికి?

పత్రహరితం ఎరుపును, ఊదా నీలాన్ని బాగా పట్టుకుంటుంది. మధ్యలో ఉన్న ఆకుపచ్చను చాలావరకు వదిలేస్తుంది. నేల మీది చెట్టుకు దానితో ఇబ్బంది లేదు, ఎండ కావలసినంత ఉంది. అందులోనూ అనంతపురం ఎండ!

నీళ్లలో లెక్క వేరు. ఎరుపు మొదటి కొన్ని మీటర్లలోనే ఆరిపోతుంది. తీరం దగ్గర, నదులు బురద తెచ్చి కలిపే చోట ఆకుపచ్చ వెలుతురు మిగులుతుంది. నడిసముద్రంలో, తేటనీళ్లలో, నీలం ఒక్కటే లోతుకు దిగుతుంది. అంటే వంద మీటర్ల కింద ఉన్న జీవికి వడ్డించేది ఒకే వంటకం. దాన్ని తినే నోరు లేకపోతే పస్తే.

ఆ నోరు ఎలా ఉంటుంది?

దాని పేరు ఫైకోబిలిజోమ్. కణం లోపలి పొరల మీద గుత్తులు గుత్తులుగా కూర్చుని ఉంటుంది. నడుమ ఒక బొడ్డు, దాని నుంచి బయటికి కడ్డీలు. బొడ్డులో ఉండే ప్రోటీన్ అల్లోఫైకోసయనిన్. కడ్డీలో లోపలి బిళ్లలు ఫైకోసయనిన్, బయటి బిళ్లలు ఫైకోఎరిథ్రిన్. నడిసముద్రపు రకాల్లో ఈ ఫైకోఎరిథ్రిన్ ఒకటి కాదు, రెండు ఉంటాయి: ఒకటో రకం, రెండో రకం. కడ్డీ చివర పట్టిన వెలుతురు బిళ్ల నుంచి బిళ్లకు చేతులు మారుతూ బొడ్డుకు, అక్కడి నుంచి పత్రహరితానికి చేరుతుంది. దారిలో పోయేది చాలా తక్కువ. మన కాలువల్లో నీళ్లు కూడా అలా చివరి మడి దాకా చేరితే ఎంత బాగుండు.

ప్రోటీన్ ఒక్కటే అయితే రంగు ఉండదు. దానికి అతుక్కున్న చిన్న అణువులు, బిలిన్లు, అసలు రంగువి. రెండో రకం ఫైకోఎరిథ్రిన్ కనీస ముక్కలో ఇవి ఆరు, ఒకటో రకంలో అయిదు, ఫైకోసయనిన్‌లో మూడు.

ఆ బిలిన్లు ఎక్కడి నుంచి వస్తాయి?

ఈ ప్రశ్న ఎవరూ అడగరు, నేనే అడిగించుకుంటాను. ఎందుకంటే జవాబు నాకు ఇష్టం.

మోకాలికి దెబ్బ తగిలి కమిలినప్పుడు గమనించారా? మొదట నల్లగా ఊదాగా ఉంటుంది, నాలుగు రోజులకు పచ్చబారుతుంది, ఆ తర్వాత పసుపు అవుతుంది. రక్తంలో హీమ్ అనే ఉంగరం లాంటి అణువు తెగి బిలివెర్డిన్ అయితే ఆకుపచ్చ, అది బిలిరుబిన్ అయితే పసుపు. కామెర్ల వాళ్ల కళ్లలో కనిపించే పసుపు అదే.

సయనోబ్యాక్టీరియా చేసేదీ సరిగ్గా ఇక్కడి నుంచే మొదలు. హీమ్ ఉంగరాన్ని తెంపి బిలివెర్డిన్ చేస్తుంది. ఆ తర్వాత దారి చీలుతుంది. ఒక ఎంజైమ్ పట్టుకుంటే నీలి ఫైకోసయనోబిలిన్. వేరే రెండు ఎంజైములు వరసగా పట్టుకుంటే ఎర్రటి ఫైకోఎరిథ్రోబిలిన్. మనం పారేసే చెత్తతో అది ఎండను పట్టే వల అల్లుకుంటుంది.

మూడోది ఫైకోయూరోబిలిన్. సముద్రం కథంతా దీని చుట్టూ తిరుగుతుంది. ఇది విడిగా తయారై రాదు. ఎర్రటి ఫైకోఎరిథ్రోబిలిన్‌ను ప్రోటీన్‌కు అతికించేటప్పుడే ఒక ఎంజైమ్ దాన్ని కొంచెం మెలితిప్పి యూరోబిలిన్‌గా మార్చేస్తుంది. ఆ చిన్న మెలికతో అది పట్టే వెలుతురు 545 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే ఆకుపచ్చ నుంచి 495 దగ్గరి నీలానికి జరుగుతుంది. అతికించే పని, తిప్పే పని రెండూ ఒకే చేత్తో!

మొత్తం ఎన్ని రకాల రంగులవి ఉన్నాయి?

సముద్రపు సైనెకోకాకస్‌ను పెద్దగా మూడు రకాలు చేశారు. కడ్డీలో ఫైకోసయనిన్ మాత్రమే ఉన్నవి ఒకటో రకం. ఇవి పచ్చగా ఉంటాయి, నదీముఖాల బురదనీళ్లలో బతుకుతాయి. ఫైకోసయనిన్‌తో పాటు ఒకటో రకం ఫైకోఎరిథ్రిన్ ఉన్నవి రెండో రకం. రెండు ఫైకోఎరిథ్రిన్లూ ఉన్నవి మూడో రకం. నడిసముద్రంలో రాజ్యం వీటిదే.

మూడో రకంలో మళ్లీ యూరోబిలిన్ పాలు ఎంత అన్నదాన్ని బట్టి చీలికలు. తక్కువ ఉంటే ఆకుపచ్చ వెలుతురుకు సరిపోతుంది, ఎక్కువ ఉంటే నీలానికి, కొన్ని మధ్యరకం. నాలుగో చీలిక గడుసుది, దాని సంగతి కింద చెబుతాను.

రంగు చూసి ఏది ఏ వంశమో చెప్పొచ్చా?

చెప్పలేం. నా లెక్కన ఈ విషయం మొత్తంలో గుర్తుపెట్టుకోవలసింది ఇదొక్కటే, కాబట్టి కొంచెం ఆగుతాను.

మామూలుగా ఏమనుకుంటాం? ఒకే రంగు ఉన్నవన్నీ ఒకే తల్లి పిల్లలని. సైనెకోకాకస్ రకాల జన్యువులు వరసపెట్టి చదివినప్పుడు అలా తేలలేదు. బొడ్డులో ఉండే అల్లోఫైకోసయనిన్ జన్యువులు వంశవృక్షాన్ని తు.చ. తప్పకుండా పాటిస్తాయి. కడ్డీలో ఉండే ఫైకోసయనిన్, ఫైకోఎరిథ్రిన్ జన్యువులు మాత్రం వంశవృక్షాన్ని ఖాతరు చేయవు. దగ్గరి దాయాదులు రెండు వేర్వేరు రంగుల్లో ఉంటాయి. ఒకదానికొకటి దూరపు కొమ్మల మీది రెండు ఒకే రంగులో ఉంటాయి.

ఇంటిపేరు వేరు, ఒంటి మీది చొక్కా వేరు. ఇంటిపేరు తాత నుంచి వస్తుంది. చొక్కా స్నేహితుడి దగ్గర అడిగి తెచ్చుకోవచ్చు. ఇక్కడ బొడ్డు ఇంటిపేరు, కడ్డీ చొక్కా.

అడిగి తెచ్చుకోవడం ఎలా కుదిరింది? కడ్డీకి కావలసిన జన్యువులు, అంటే ప్రోటీన్లవి, బిలిన్ తయారుచేసేవి, అతికించేవి, ఎక్కువ భాగం జన్యుపటంలో, అంటే కణంలోని మొత్తం డీఎన్ఏ వరసలో, ఒకేచోట మూటకట్టినట్టు పక్కపక్కన ఉంటాయి. మూట కాబట్టి కణం నుంచి కణానికి మొత్తంగా చేతులు మారగలదు. బీరువా, కంచాలు, చెంబులు ఇల్లంతా చెల్లాచెదురుగా ఉంటే ఎత్తుకుపోవడం కష్టం, పెట్టెలో సర్ది ఉంటే సులువు కదా. కొత్త నీళ్లలోకి చేరిన వంశానికి అక్కడి వెలుతురుకు తగ్గ మూట దొరికిందా, నిలబడింది. అందుకే రంగు చూస్తే అది ఎక్కడ బతుకుతోందో తెలుస్తుంది, ఎవరి బిడ్డో తెలియదు.

ఒక జీవిని ఒక్క జన్యువుతో గుర్తుపట్టి, దాని అలవాట్లన్నీ చెప్పేయవచ్చు అనుకునే వాళ్లకు ఈ ఉదాహరణ చూపిస్తుంటాను. పిల్లలు ప్రాజెక్టుల్లో తరచూ చేసే పొరపాటు అది.

రంగు మార్చుకునేవి కూడా ఉన్నాయంటారు, నిజమేనా?

నిజమే. పైన గడుసుది అన్నది వీటినే. నీలి వెలుతురులో ఉంచితే యూరోబిలిన్ పెంచుకుంటాయి, ఆకుపచ్చలో ఉంచితే ఎరిథ్రోబిలిన్ పెంచుకుంటాయి. మళ్లీ మారిస్తే మళ్లీ మారతాయి. ఊసరవెల్లిలా క్షణాల్లో కాదు, కొన్ని రోజులు పడుతుంది.

ధర్మవరం మగ్గం చూసిన వాళ్లకు దీన్ని చెప్పడం తేలిక. పడుగు అదే ఉంటుంది, పేక దారం మారిస్తే చీర ఛాయ మారుతుంది. ఇక్కడా ప్రోటీన్ మారదు. రెండో రకం ఫైకోఎరిథ్రిన్ మీద కొన్ని చోట్ల అతికే బిలిన్ మాత్రమే మారుతుంది. ఈ మార్పుకు కావలసిన జన్యువుల చిన్న గుంపు జన్యుపటంలో విడిగా ఒక ద్వీపంలా కూర్చుని ఉంటుంది. ఆ ద్వీపం రెండు రూపాల్లో దొరికింది. వాటికి ఎ, బి అని పేర్లు. ఎ రూపంలో ఎంపీఈజెడ్ అనే ఎంజైమ్ ఉంటుంది. నీలి వెలుతురులో అది పనిలోకి దిగి ఎరిథ్రోబిలిన్‌ను మెలితిప్పి అతికిస్తుంది. బి రూపంలో దాని చోట ఎంపీఈడబ్ల్యూ ఉంటుంది. అది ఆకుపచ్చ వెలుతురులో పనిచేస్తుంది, తిప్పకుండా ఉన్నదున్నట్టు అతికిస్తుంది. చేరే ఊరు ఒకటే, దారులు ఎదురెదురు. ఎవరో ఇంజినీరు కూర్చుని గీసినట్టుగా అనిపించదు. దొరికిన పనిముట్టుతో సర్దుకున్నట్టుగా అనిపిస్తుంది.

ఇవి అరుదైన వింతలేమో అని చాలాకాలం అనుకున్నారు. 2009 నుంచి 2013 దాకా టారా అనే తెరచాప ఓడ ప్రపంచ సముద్రాలన్నీ తిరిగి నీళ్ల నమూనాలు తెచ్చింది. ఆ నీళ్లలోని డీఎన్ఏలో కడ్డీ జన్యువులను వెతికి, ఫ్రాన్స్‌లోని రోస్కాఫ్ పరిశోధకులు, వాళ్ల సహచరులు 2018లో లెక్క చెప్పారు. రంగు మార్చుకునేవి మొత్తం సైనెకోకాకస్‌లో దాదాపు 40 శాతం. ఏ ఒక్క రంగు రకమూ అంత లేదు. వింత అనుకున్నదే మామూలు అయి కూర్చుంది.

ఇదంతా పరీక్షకు వస్తుందా?

ఫైకోబిలిజోమ్ బొమ్మ రావచ్చు. బొడ్డు, కడ్డీలు గీసి పేర్లు పెట్టండి చాలు. మిగతాదానికి టెన్షన్ పడకండి.

ప్రోక్లోరోకాకస్‌కు ఫైకోబిలిజోమ్ లేదంటారు. మరి అది ఎలా బతుకుతోంది?

పొదుపుతో. ఫైకోబిలిజోమ్ ఖరీదైన సామాను. కొన్ని సయనోబ్యాక్టీరియాలో కణంలో కరిగి ఉండే ప్రోటీన్‌లో సగం దాకా ఇదే ఉంటుంది. ప్రోటీన్ అంటే నత్రజని. నడిసముద్రంలో నత్రజనికి ఎప్పుడూ కరువే. కరువు సీమ వాళ్లకు ఇది విడమరిచి చెప్పాలా? పెద్ద ఇల్లు నడపలేనప్పుడు చిన్న ఇంటికి మారతారు.

ప్రోక్లోరోకాకస్ ఆ గుత్తులు వదిలేసింది. బదులుగా పత్రహరితాన్నే కొంచెం సవరించుకుంది. డైవినైల్ క్లోరోఫిల్ ఎ, బి అనే రూపాలు దీని ప్రత్యేకం, ఇవి నీలాన్ని బాగా పట్టుకుంటాయి. వాటిని పొర లోపలే ఉండే పీసీబీ అనే ప్రోటీన్లు మోస్తాయి. ఇక్కడా జన్యువుల్లో తేడా చూడండి. పైన ఎండలో బతికే మెడ్4 రకానికి పీసీబీ జన్యువు ఒక్కటే. లోతులో చీకట్లో బతికే ఎస్ఎస్120 రకానికి ఎనిమిది. వెలుతురు తక్కువ ఉన్నవాడికి వలలు ఎక్కువ కావాలి. మెడ్4 జన్యుపటం మొత్తం కలిపి సుమారు 16.6 లక్షల డీఎన్ఏ అక్షరాలే. ఎండతో బతికే స్వతంత్ర జీవుల్లో ఇంత చిన్న సంసారం ఇంకొకటి దొరకడం కష్టం.

అన్నట్టు, ఎస్ఎస్120లో ఫైకోఎరిథ్రిన్ జన్యువులు ఇంకా మిగిలే ఉన్నాయి. ఇల్లు మారినా అవ్వ ఇత్తడి బిందె పారేయలేక అటక మీద పెట్టుకున్నట్టు.

వైరస్‌కు రంగు జన్యువులతో ఏం పని?

ఈ బ్యాక్టీరియాను పట్టే వైరస్‌లు ఉన్నాయి, సయనోఫేజ్‌లు అంటారు. వాటిలో కొన్ని హీమ్ తెంపే జన్యువును, బిలిన్ చేసే జన్యువులను తమతో మోసుకు తిరుగుతాయి. కణంలో దూరాక, పిల్లలు పెట్టేదాకా ఆ కణం ఎండను పడుతూనే ఉండాలి కదా, ఆ అవసరం అయి ఉండాలి. పెబ్ఎస్ అనే ఒక వైరస్ ఎంజైమ్ అయితే బ్యాక్టీరియాలో రెండు ఎంజైములు కలిసి చేసే పనిని ఒక్కటే చేసేస్తుంది.

ఒకే నీళ్లలో రెండు రంగులవి ఉంటే ఒకటి రెండోదాన్ని తరిమేయదా?

2004లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మాయ్కె స్టాంప్, యెఫ్ హౌస్మన్ బృందం దీన్నే పరీక్షించింది. బాల్టిక్ సముద్రం నుంచి తెచ్చిన ఎర్ర రకాన్ని, పచ్చ రకాన్ని ఒకే పాత్రలో పెంచారు. ఎర్ర వెలుతురు వేస్తే పచ్చది గెలిచింది. ఆకుపచ్చ వెలుతురు వేస్తే ఎర్రది గెలిచింది. తెల్ల వెలుతురు వేస్తే రెండూ ఉన్నాయి. ఒకటి తినేది రెండోదానికి అక్కర్లేదు, ఇక తగువెందుకు?

వీటి రంగు ఇంట్లో చూడొచ్చా?

సముద్రపు వాటిని కష్టం. కానీ మందుల షాపుల్లో స్పిరులినా పొడి అమ్ముతారు. అది సముద్రపుది కాదు, క్షారపు నీళ్లలో పెరిగేది, అయినా సయనోబ్యాక్టీరియానే. ఒక చెంచా పొడి గ్లాసు చల్లటి నీళ్లలో కలిపి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టండి. పొద్దున కదపకుండా పైనున్న నీళ్లు పలచటి గుడ్డలో వడకట్టండి. పచ్చదనం నీళ్లలో కరగదు, అడుగున మిగిలిపోతుంది. గ్లాసులోకి దిగేది నీలం. కిరసనాయిలు కాదు, రాబిన్ నీలమూ కాదు, అంత శుభ్రమైన నీలం. అదే ఫైకోసయనిన్.

ఇప్పుడు గదిలో లైటు ఆర్పి, ఫోన్ టార్చ్ గ్లాసు మీదికి వేసి పక్క నుంచి చూడండి. నీలి నీళ్లలో ఎర్రటి మెరుపు కనిపిస్తుంది. పట్టిన వెలుతురును అందించడానికి పక్కన పత్రహరితం లేదు కాబట్టి అది ఎర్రగా బయటికి వదిలేస్తోంది. 1979లో మైక్రోస్కోపు కింద మెరిసిన చుక్కలది కూడా ఇలాంటి మెరుపే, కాకపోతే అది ఫైకోఎరిథ్రిన్ కాబట్టి నారింజ.

నీళ్లు వేడి చేయకండి. మొదటిసారి నేను తొందరపడి కాగిన నీళ్లు పోశాను. పిల్లలంతా బల్ల చుట్టూ మూగి ఉండగా గ్లాసులో మిగిలింది గడ్డి కషాయం లాంటి నీళ్లు. ప్రోటీన్ విప్పుకుంటే బిలిన్ ఉన్నా రంగు నిలవదని ఆ రోజు నాకు పుస్తకం కన్నా గట్టిగా అర్థమైంది.

మా ఊరి చెరువులో పచ్చటి తెట్టె ఇదేనా?

కావచ్చు. ఎండాకాలం నీళ్లు తగ్గి, ఎరువులు కలిసిన చెరువుల్లో మైక్రోసిస్టిస్ లాంటివి పెయింట్ పోసినట్టు తెట్టె కడతాయి. వాటిలో కొన్ని కాలేయాన్ని దెబ్బతీసే విషం వదులుతాయి. అలాంటి నీళ్లు గొడ్లకు తాపకండి. కాలువ గట్టున దారాల్లా సాగే పచ్చ నాచు మాత్రం చాలావరకు వేరే జాతి.

వేంపల్లె రాళ్లను పగలగొడితే ఆ రంగు దొరుకుతుందా?

దొరకదు. ప్రోటీన్ అంతకాలం నిలవదు, బిలిన్ కూడా అంతే. రాయిలో మిగిలింది వెలుతురు కోసం పైకి పాకిన ఆ పొరల ఆకారం మాత్రమే.

కానీ ఎక్కడా దొరకలేదని మాత్రం అనుకోకండి. ఆఫ్రికాలో మారిటానియా వైపు, సహారా ఎడారి కింద, 110 కోట్ల ఏళ్ల నాటి సముద్రపు నల్లరాళ్లు ఉన్నాయి. వాటిని పొడిచేసి ద్రావకంలో నానబెడితే గులాబీ రంగు దిగింది. అవి పత్రహరితం శిథిలాలు, పోర్ఫిరిన్లు. వాటిని పరీక్షిస్తే ఆ సముద్రంలో ఎండను పట్టినవి ఎక్కువగా సయనోబ్యాక్టీరియా అని తేలింది. 2018లో ఈ సంగతి బయటికి వచ్చింది. మన రాళ్ల వయసు దానికన్నా 80 కోట్ల ఏళ్లు ఎక్కువ, పైగా మధ్యలో పులివెందుల అగ్నిశిలల వేడి కూడా తిన్నాయి. వేంపల్లె పోతే సుత్తి ఇంట్లో వదిలి, సాయంత్రం ఏటవాలు ఎండ పడే వేళకు పోండి. పొరల గీతలు అప్పుడే బాగా కనిపిస్తాయి.